అగ్గువ ఖర్జూరం కోసం అమృత్‌సర్‌లో

గోల్డెన్ టెంపుల్ గురించి, లంగర్‌లో పప్పు గురించి అందరూ రాసేశారు, అవి వదిలేస్తున్నా. నా గోల ఖర్జూరంది.

నవంబరులో రైలెక్కే ముందే అమ్మ ఫోన్. "పాకిస్తాన్ పక్కనే గదా, ఎండు ఖర్జూరాలు అగ్గువకు దొరుకుతయి, చెల్లెకు ఒడిబియ్యం పొయ్యాలె, మూడు కిలోలు తే బిడ్డా" అంది. కుడుకలు, పోకలు, పసుపు కొమ్ములతో పాటు ఒళ్లో పడే ఆ ముడతల ఖర్జూరం ఎక్కడ పండుద్దో నేనెప్పుడూ ఆలోచించలే, మా హైదరాబాద్ బేగంబజార్‌లోనే పుడతాయనుకున్నా.

మొదటిరోజు సాయంత్రం పాకిస్తాన్ బార్డర్ మీదున్న అటారీ పోయాం, 30 కిలోమీటర్లకి టాక్సీవాడు రానూపోనూ 1,500 గుంజాడు. గేట్లు తీసి రెండు వైపుల జవాన్లు చేతులు కలపడం చూద్దామని కూర్చుంటే గేట్లు తియ్యలేదు, పహల్గాం ఉగ్రదాడి తర్వాత అది బందంట. వచ్చేప్పుడు డ్రైవర్ చీకట్లోకి చెయ్యి చూపించి, అదిగో సరుకు లారీలు ఆగే చోటు, మా అన్న అక్కడే మూటలు మోసేవాడు, ఇప్పుడు ఊళ్లో ఈ-రిక్షా తోలుతున్నాడు అన్నాడు. ఇంకేం అడగబుద్ధి కాలే.

తెల్లారి మజీఠ్ మండీ, ఊళ్లో మసాలాలు, ఎండు పండ్లు అమ్మే బజారు. మిరప ఘాటుకి తుమ్ముతూనే ఓ దుకాణంలోకి దూరాను. పెద్దాయన, తెల్ల గడ్డం, గుప్పెడు ఖర్జూరాలు తీసి తక్కెడ పళ్లెంలో వేస్తే గోళీల్లా టకటకలాడాయి. కిలో ఎంత అంటే 360. సర్దార్‌జీ, బార్డర్ పక్కన కూర్చుని ఇదేం రేటండీ అన్నా. ఆయన నవ్వి బస్తా ఇటు తిప్పాడు, దాని మీద దుబాయ్ అడ్రస్.

కథ ఏంటంటే, ఒకప్పుడు సింధ్‌లో ఎండబెట్టింది అటారీ అవతలి వాఘా దాటి లారీలో నేరుగా ఈ మండీకొచ్చేదంట. 2019 ఫిబ్రవరిలో పుల్వామా ఉగ్రదాడి తర్వాత మన గవర్నమెంటు పాకిస్తాన్ సరుకు మీద 200 శాతం డ్యూటీ వేసింది, 2025 మే నుంచైతే వేరే దేశం తిప్పి తెచ్చినా సరే పాకిస్తాన్‌దైతే నిషేధమే. అందుకే ఇప్పుడు సరుకు గల్ఫ్ నుంచి ఓడెక్కి, ముంబై వైపు దిగి, మళ్లీ లారీలో పంజాబ్ దాకా రావాలి. మరి ఇది ఎక్కడ పండిందండీ అంటే, "కాగితంలో దుబాయ్ అనే ఉంది బేటా" అని తక్కెడ సరిచేసుకున్నాడు.

పక్కన దండలా గుచ్చిన అంజీర్ వేలాడుతోంది. అది ఆఫ్ఘన్‌ది. 2025 ఏప్రిల్‌లో అటారీ మూసినప్పుడు ఆ లారీలు అవతలే ఆగిపోతే, మేలో 160 దాకా ప్రత్యేకంగా రానిచ్చారంట. దాని రేటు విని చెయ్యి వెనక్కి తీసుకున్నా.

బేరమాడితే కిలోకి పది తగ్గించాడు. మూడు కిలోలు బ్యాగులో కుక్కి, రెండు రాత్రులు రైల్లో మోసుకొచ్చా. అమ్మ ఒకటి తీసి వేళ్ల మధ్య తిప్పి చూసి, "బేగంబజార్ల గివే ఉన్నయి గదరా, మూడొందల ముప్పై" అంది.