హెర్మన్‌లో ఒక చిన్న వైనరీ, మా బాపు, నార్టన్ ద్రాక్ష

అమెరికాలో, మిసౌరీ రాష్ట్రంలోని సెయింట్ లూయిస్‌లో ఉండే మనవాళ్లు వైనరీ (ద్రాక్ష పెంచి వైన్ చేసే చోటు) అనగానే అగస్టా అనే ఊరి వైపు కారు తిప్పుతారు. దగ్గర, కొండ మీద నుంచి మిసౌరీ నది లోయ అంతా కనిపిస్తుంది, ఫొటోలు బాగా వస్తాయి, పైగా అమెరికా ప్రభుత్వం మొట్టమొదట గుర్తించిన వైన్ ప్రాంతం అదే. 1980లో, కాలిఫోర్నియాలోని నాపా కంటే ముందే. వెళ్లండి, తప్పేం లేదు. కానీ అదే నది వెంట ఇంకా పడమటికి పోతే హెర్మన్ అనే ఊరు వస్తుంది, రెండు వేల చిల్లర జనాభా. మా బాపు ఇండియా నుంచి వచ్చినప్పుడు నేను ఆయన్ని తీసుకెళ్లింది అక్కడికే, అందులోనూ పెద్ద పేరున్న చోటికి కాదు, ఊరి బయట వాగు పక్కనున్న ఆడమ్ పుక్టా వైనరీకి.

బాపు మందు మనిషి కాదు, ద్రాక్ష మనిషి. హైదరాబాద్ పక్కన శామీర్‌పేట దగ్గర మాకు అనాబేషాయి ద్రాక్షతోట ఉండేది. నా చిన్నప్పుడు హైదరాబాద్ చుట్టుపక్కల ఎటు చూసినా ద్రాక్ష పందిళ్లే, ఇప్పుడవన్నీ వెంచర్లు. మాదీ అంతే. అందుకే ఆయన వైన్ రుచి చూపించే టేస్టింగ్ రూమ్ గుమ్మం దాకా వచ్చి కూడా లోపలికి రాకుండా నేరుగా సాళ్లలోకి నడిచాడు. నేను అక్కడి మనిషిని అడిగి వచ్చేలోపే ఒక తీగ మొదలు దగ్గర కూర్చుని, బెరడు ముట్టి చూస్తున్నాడు.

ఇక్కడ పందిరి ఉండదు, వరుసగా గుంజలు పాతి తీగలు లాగి వాటి మీదికి పాకిస్తారు. బాపుకు అది వింత కాలేదు. ఆయన్ని ఆశ్చర్యపరిచింది కత్తిరింపు. మన దగ్గర ఏడాదికి రెండుసార్లు కొట్టాలి, ఎండాకాలంలో ఒకసారి కొమ్మ కోసం, దసరా దాటాక ఇంకోసారి కాయ కోసం, ఎందుకంటే మన వేడికి తీగ నిద్రపోదు, మనమే దాన్ని ఆపి మళ్లీ లేపాలి. ఇక్కడ ఆ పని చలికాలమే చేస్తుంది. ఆకు రాలి, తీగ మోడై, మంచులో నిలబడి ఉంటుంది, చలి తగ్గేముందు ఒక్కసారి కత్తిరిస్తే చాలు. "ఒక్కసారేనా బిడ్డా? మందులెన్నిసార్లు కొడతరో అడుగు" అన్నాడు బాపు. అడిగాను. మిసౌరీ వేసవి ఉక్కపోతకు, ఇక్కడి చలికి యూరప్ రకాలు సరిగా నిలవవు, అందుకే అమెరికా రకాలు, సంకర రకాలు వేస్తారట. వాటిలో ముఖ్యమైనది నార్టన్, 2003 నుంచి ఈ రాష్ట్రపు అధికారిక ద్రాక్ష. బూజు తెగుళ్లను బాగా తట్టుకుంటుంది.

అడిగితే ఒక చిన్న గుత్తి తెంపి ఇచ్చారు. కాయ మన నల్లద్రాక్షలో సగం కూడా ఉండదు, తొక్క మందం, లోపల గుజ్జు కంటే గింజలే ఎక్కువ. బాపు ఒక కాయ నొక్కి గింజ బయటికి తీసి వెలుగులో చూశాడు. గింజ గోధుమరంగుకు తిరిగింది, అంటే కాయ పండినట్టే. నోట్లో వేసుకుంటే తీపి, వెంటనే పులుపు, ఆఖర్న వగరు, నేరేడుపండు తిన్నట్టు నాలుక ఊదారంగు అయిపోయింది. తినే ద్రాక్ష కాదని బాపు ఒక్క కాయతోనే తేల్చేశాడు. వైన్‌కు మాత్రం ఆ రంగూ, ఆ వగరూ, ఆ పులుపే కావాలి.

హెర్మన్ కథ తెలిస్తే ఈ తోట విలువ ఇంకా తెలుస్తుంది. ఫిలడెల్ఫియాలో ఉన్న జర్మన్లు తమ భాష, తమ పద్ధతులు నిలబెట్టుకోవాలని ఒక సంఘం పెట్టుకుని, 1837లో ఇక్కడ ఊరు కట్టారు. కొండలు, రాళ్లు, మామూలు పైర్లకు కష్టమైన నేల. ద్రాక్ష మాత్రం పట్టుకుంది. ద్రాక్ష పెట్టేవాళ్లకు ఊరే సులభ వాయిదాల మీద జాగాలు ఇచ్చింది. ఫ్రాన్స్ తోటలను ఫిలోక్సెరా అనే వేరు పురుగు తినేస్తున్న రోజుల్లో, దాన్ని తట్టుకునే అమెరికా వేళ్లు మిసౌరీ నుంచి ఓడలెక్కి వెళ్లాయి, ఫ్రెంచి రకాలను వాటి మీద అంటు కట్టి బతికించుకున్నారు. ఇది చెప్పగానే బాపు ముఖం వెలిగిపోయింది. మన దగ్గర వాడే డాగ్‌రిడ్జ్ వేరు కూడా అమెరికా అడవి ద్రాక్షదే కదా.

1920లో మద్యనిషేధం వచ్చింది. వైనరీలన్నీ మూతపడ్డాయి, ఊళ్లోనే పెద్దదైన స్టోన్ హిల్ నేలమాళిగల్లో పుట్టగొడుగులు పెంచారు. ఆ వైనరీ 1965లో మళ్లీ తెరుచుకుంది. పుక్టా వాళ్ల సంగతి నన్ను ఎక్కువ కదిలించింది. కాలిఫోర్నియాలో బంగారం కోసం వెళ్లి తిరిగొచ్చిన ఆడమ్ పుక్టా 1855లో మొదలుపెట్టిన ఈ వైనరీ నిషేధంతో ఆగిపోయింది, మళ్లీ తెరిచింది 1990లో. డెబ్బై ఏళ్లు! మధ్యలో ఎన్ని తరాలు వైన్ అమ్మకుండా బతికాయో చూడండి, అయినా భూమి అదే కుటుంబం చేతిలో ఉంది. ఆ రాతి కట్టడం ముందు నిలబడి ఈ లెక్క చెబితే బాపు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "అమ్మకుండ ఉంచిన్రు సూడు" అన్నాడు. శామీర్‌పేట పేరు ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మన రైతులను నేను తప్పుపట్టను, నీళ్లు అడుగంటి, కూలీలు దొరక్క, ఎకరం ధర పంట మీద వందేళ్లకైనా రానంత పలుకుతుంటే ఎవరు మాత్రం ఆగగలరు? కానీ బాధ ఉంది, అది ఉన్నమాట.

టేస్టింగ్‌కు చివర్లో వెళ్లాం. పోసేది కొద్దికొద్దిగానే, పులుపు, వగరు ఎక్కువున్నవి ముందు, తీపివి తర్వాత. నచ్చకపోతే పారబోయడానికి గిన్నె పెడతారు, మొహమాటపడకండి. విన్యోల్ అనే తెల్లవైన్ కాస్త తియ్యగా, మన నోటికి త్వరగా పడుతుంది. నాకు మాత్రం నార్టనే. బాపు కూడా ఒక్క గుక్క తాగి, గింజ వగరు ఇందులో కూడా తెలుస్తుందన్నాడు.

వెళ్లేవాళ్లకు ఒకటే మాట, తాగి డ్రైవ్ చేయొద్దు. సెయింట్ లూయిస్ నుంచి ఆమ్‌ట్రాక్ రైలు హెర్మన్‌లో ఆగుతుంది. అక్టోబర్ వీకెండ్లలో ఊరంతా ఆక్టోబర్‌ఫెస్ట్ అనే జర్మన్ పండుగ జనం, తోటవాళ్లతో తీరిగ్గా మాట్లాడాలంటే మామూలు రోజున వెళ్లండి. నార్టన్ సీసా కొంటే ఉత్తగా తాగేయకుండా, మిరియాలు దట్టించిన మటన్ వేపుడు చేసుకున్న రోజున తీయండి.