తెల్లపొగ, నల్లపొగ: గిర్రున తిరిగే టైరు మండుతుందా?

జనవరి మొదటి వారంలో కాన్‌బెర్రా ఎండ మన రోహిణీ కార్తెను తలపిస్తుంది. అలాంటి ఒక మధ్యాహ్నం, సెలవులకు గుంటూరు నుంచి వచ్చిన మా మేనల్లుడిని వెంటబెట్టుకొని ఎగ్జిబిషన్ పార్కులో జరిగే సమ్మర్‌నాట్స్ ఉత్సవానికి వెళ్ళాను. చిక్ హెన్రీ అనే కార్ల ప్రేమికుడు 1988లో మొదలుపెట్టిన ఈ ఉత్సవానికి ఆస్ట్రేలియా నలుమూలల నుంచి బండ్లు వస్తాయి. అక్కడ అందరూ ఎదురుచూసేది బర్నవుట్ పోటీల కోసమే. కాంక్రీటు గచ్చు మీద కారు దాదాపు ఉన్నచోటనే ఉంటుంది, వెనక చక్రాలు మాత్రం ఇంజను శక్తినంతా మింగుతూ గిర్రున తిరుగుతాయి, నిమిషం గడిచేసరికి కారూ గచ్చూ కంచె అవతలి మనుషులూ ఏదీ కనబడనంత తెల్లటి పొగ కమ్మేస్తుంది.

ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్న మావాడు చెవుల్లో వేళ్ళు పెట్టుకొని, "మామయ్యా, ఇంత పొగ వస్తోంది కదా, టైరు అంటుకోదా?" అని అడిగాడు. ఆ చప్పుడులో నేను, "అంటుకోదులేరా" అని ఊరుకున్నాను. ఆ జవాబు సగం నిజం. మిగిలిన సగం చెప్పకపోవడం తప్పని ఇంటికి వచ్చాక అనిపించింది, ఎందుకంటే ఆ రెండో సగానికి కాన్‌బెర్రాతో కన్నా మన పొలం గట్లతోనే ఎక్కువ పని ఉంది. అందుకే వాడికి చెప్పవలసినదంతా ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఆ తెల్లపొగ సంగతి చూద్దాం. అది మంట నుంచి వచ్చిన పొగ కాదు. టైరంటే రబ్బరు ఒక్కటే కాదు. సహజ రబ్బరు, కృత్రిమ రబ్బరు, కార్బన్ బ్లాక్ అనే మెత్తని మసి, గంధకం, జింక్ ఆక్సైడు, నూనెలు, వీటి లోపల దారాల పొరలు, ఉక్కు తీగల పొరలు అన్నీ కలిస్తేనే టైరు. గంధకం కలిపి వేడిచేస్తే రబ్బరు ఎండకు జిగటగా మారకుండా, చలికి పెళుసెక్కకుండా నిలుస్తుందని 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ కనుగొన్నాడు. ఆ గంధకపు ముడులు ఉన్నందువల్లనే టైరు మైనంలాగా కరిగి మళ్ళీ గట్టిపడదు. వేడి హద్దు మీరితే రబ్బరు అణువులే తెగిపోతాయి. ముందు అందులోని నూనెలు ఆవిరవుతాయి, 300 డిగ్రీల దరిదాపులకు వచ్చేసరికి రబ్బరే విడిపోయి ఆవిరిగా లేస్తుంది, ఆ ఆవిరికి బయటి గాలి తగలగానే కంటికి విడివిడిగా కనబడనంత సన్నని తుంపరగా మారి తెల్లగా కనిపిస్తుంది. బాండీలో నూనె బాగా కాగి పొగలెత్తడం మనందరం చూసినదే. అప్పటికి నూనె మండటం లేదు, కానీ మండటానికి ఎంతో దూరంలోనూ లేదు. బర్నవుట్‌లో టైరు పరిస్థితి సరిగ్గా అదే.

అక్కడ పుట్టే వేడి ఎంతో కొంచెం లెక్కవేసి చూడాలి. ఆ పోటీల్లో వెయ్యి హార్స్‌పవర్ ఇంజన్లు అరుదేమీ కాదు. వెయ్యి హార్స్‌పవర్ అంటే సుమారు 745 కిలోవాట్లు. స్నానాల గదిలో గీజరు 2 కిలోవాట్లది అనుకుంటే, అది 370 గీజర్ల పెట్టు. రోడ్డు మీద పరిగెత్తే కారులో ఈ శక్తి బండిని ముందుకు తోయడానికి ఖర్చవుతుంది, కానీ కారు కదలకుండా నిలిచినప్పుడు చక్రాల దాకా చేరిన శక్తిలో దాదాపు అంతా రెండు టైర్లు నేలను తాకే చోట, అంటే పెద్ద అరచేతులంత రెండు మచ్చల దగ్గర, రాపిడి వేడిగా మారవలసిందే. ఇంత వేడికి టైరు వెంటనే భగ్గుమనాలి కదా, ఎందుకు అనదు?

కారణం ఆ తిరగడంలోనే ఉంది. టైరు మీద ఏ ఒక్క చోటైనా నేలను తాకేది రెప్పపాటులో చాలా చిన్న భాగం మాత్రమే, మిగిలిన చుట్టంతా అది గాలిలో ప్రయాణిస్తుంది. రబ్బరు వేడిని లోపలికి త్వరగా పోనివ్వదు కనుక మండిపోయేటంత వేడి పైన ఒక పలుచని పొరలోనే ఉంటుంది, ఆ పొర అక్కడ ఉండదు, చిరిగి ముక్కలై ఎగిరిపోతుంది. సానపట్టేవాడు కత్తిని చక్రానికి ఆనించినప్పుడు రవ్వలు వేడిని మోసుకుంటూ ఎగిరిపోవడం లాంటిదే ఇది. పోటీ ముగిసిన గచ్చు మీద నడిస్తే చెప్పుల కింద నల్లటి రబ్బరు పొట్టు మెత్తగా తగులుతుంది, అవన్నీ వేడిని తమతో తీసుకుపోయిన ముక్కలే. దీనికి తోడు, దగ్గర్లో నిప్పు లేకుండా రబ్బరు తనంతట తాను అంటుకోవాలంటే 400 డిగ్రీల దరిదాపులకు చేరి కాసేపు అక్కడే నిలవాలి, లేచిన ఆవిరి గాలితో సరైన పాళ్ళలో కలవాలి. విసురుగా తిరిగే చక్రం చుట్టూ ఆ తీరిక దొరకదు.

తిన్నని దారిలో కొద్ది దూరం ఎవరు ముందు దాటుతారో తేల్చే డ్రాగ్ రేసుల్లోనైతే బర్నవుట్ కొద్ది సెకన్ల పని. నీళ్ళు చల్లిన చోట టైర్లను తిప్పి, మట్టి వదిలించి, రబ్బరును వెచ్చబరచి పట్టు పెంచుకోవడమే వాళ్ళ ఉద్దేశం. ముందు చక్రాల బ్రేకును మాత్రమే పట్టి ఉంచే లైన్‌లాక్ అనే చిన్న అమరిక అందుకు సాయపడుతుంది. అక్కడ టైరును కాపాడుకోవాలి, అది చాలా శాస్త్రీయమైన పని, నాకు దాని మీద గౌరవం ఉంది. ఆస్ట్రేలియా పోటీల లెక్క వేరు. అక్కడ టైర్లు పేలేదాకా తిప్పడమే ఘనత, చిక్కంతా ఆ పేలుడు దగ్గరే మొదలవుతుంది.

ఇంతకు ముందు ఒకసారి ఒక ఊరి చివర జరిగిన చిన్న పోటీలో దీన్ని పాతిక అడుగుల దూరం నుంచి చూశాను. ఎడమ వెనక టైరు తుపాకీ పేలినట్టు పేలింది. డ్రైవరు ఆపలేదు. ఊడివచ్చిన రబ్బరు పట్టీ, దానిలోంచి బయటికి పొడుచుకువచ్చిన ఉక్కు తీగలు మడ్‌గార్డు లోపలి వైపును కొరడాతో కొట్టినట్టు టపటపా కొడుతున్నాయి. ఆ తీగలు బ్రేకు గొట్టాన్నయినా, పెట్రోలు గొట్టాన్నయినా కోసేయగలవు. రబ్బరు ముద్దలు వెళ్ళి ఎర్రగా కాగిన సైలెన్సరు గొట్టానికి అతుక్కుంటాయి. రబ్బరు మొత్తం పోయాక రిమ్ము నేరుగా కాంక్రీటును గీరి రవ్వలు రాలుస్తుంది. అంటే అంతవరకు లేని నిప్పు, ఇంధనం, నిలకడగా ఒకచోట ఉండే వేడి మూడూ ఒక్కసారిగా సమకూరాయి. అప్పుడు నేను గమనించినది ఇది: కుడివైపు పొగ ఇంకా తెల్లగానే ఉంది, ఎడమవైపు పొగ మాత్రం కింది నుంచి బూడిద రంగుకు, మరుక్షణంలో కారునలుపుకు తిరిగింది. నల్లపొగ అంటే రబ్బరు నిజంగా మండుతోందని అర్థం. నారింజ రంగు మంట కనబడింది ఆ తరువాతనే.

అగ్నిమాపక సిబ్బందిలో ఒకరు డ్రైవరు తలుపు దగ్గరికి పరుగెత్తారు, మరొకరు నేల మీద బోర్లా పడుకొని మడ్‌గార్డు లోపలికి, కారు అడుగుకు మందు చల్లారు. మంట ఆరింది. నిమిషంలోపే మళ్ళీ లేచింది, ఈసారి నీళ్ళతో చాలాసేపు తడిపారు. లోపలి ఉక్కు తీగలూ మాడిన రబ్బరూ వేడిని పట్టుకొని ఉంటాయి కనుక పైన మంట ఆరినంత మాత్రాన టైరు ఆరినట్టు కాదు. ఇంట్లో వాడే చిన్న పొడి సిలిండరుతో టైరు మంటను ఆర్పి, దగ్గరికి వెళ్ళి వంగి చూసేవాళ్ళు ఈ మాటను తప్పక గుర్తుంచుకోవాలి.

అంటుకున్న టైరు అంత మొండిగా మండడానికి దానిలోని శక్తే కారణం. కిలో టైరు రబ్బరు మండితే వచ్చే వేడి, కిలో సింగరేణి బొగ్గు ఇచ్చే వేడి కన్నా ఎక్కువ. 1990 ఫిబ్రవరిలో కెనడాలోని ఒంటారియో రాష్ట్రం హేగర్స్‌విల్‌లో పాత టైర్ల గుట్టకు ఎవరో నిప్పు పెడితే, సుమారు 1 కోటి 40 లక్షల టైర్లున్న ఆ గుట్టను అదుపులోకి తేవడానికి 17 రోజులు పట్టింది. ఇక బర్నవుట్ పోటీల విషయానికే వస్తే, 2017 సెప్టెంబరులో ఆస్ట్రేలియాలోని ఆలిస్ స్ప్రింగ్స్‌లో జరిగిన రెడ్ సెంటర్‌నాట్స్ అనే కార్ల ఉత్సవంలో ఒక కారు నుంచి ఎగసిన మంట ప్రేక్షకుల దాకా వచ్చి 14 మందిని గాయపరిచింది. వాళ్ళు గచ్చు మీద లేరు, చూడటానికి వచ్చి నిలబడ్డవాళ్ళు. మా మేనల్లుణ్ణి కంచెకు ఆనుకోనివ్వకుండా వెనక్కి లాగింది అందుకే, వాడు కొంచెం చిన్నబుచ్చుకున్నా సరే.

ఇప్పుడు అసలు నన్ను కలవరపెట్టే రెండో సగం చెబుతాను. నాలుగేళ్ళ కిందట, కార్తీక మాసంలో, బాపట్ల దగ్గర మా బాబాయి పొలానికి కారులో వెళ్ళాం. ముందు రెండు రోజులు వాన పడి రేగడి నేల పూర్తిగా నానింది. డొంకదారిలో ముందు ఎడమ చక్రం గుంటలో దిగబడింది. పాలేరు, ఇంకొక కుర్రవాడు వెనక నుంచి నెడుతున్నారు, నేను ఎడమ వైపు చక్రం పక్కనే నిలబడి చూస్తున్నాను. బాబాయి యాక్సిలరేటరు తొక్కుతున్నకొద్దీ చక్రం బురదను చిమ్ముకుంటూ ఇంకా లోతుకు తవ్వుకుంటూ పోయింది. కాసేపటికి రబ్బరు కమురు వాసన మొదలైంది. కిటికీలోంచి తొంగి చూస్తే స్పీడోమీటరు ముల్లు 80 దాటి ఉంది.

"బాబాయ్, కాలు తియ్యి!" అని అరిచాను.

"ఇంకొంచెం ఇస్తే వచ్చేస్తుందిరా" అన్నాడాయన.

బలవంతాన ఆపించాను. ఆయనకు తెలియనిదీ, మనలో చాలామందికి తెలియనిదీ ఏమిటంటే, మామూలు డిఫరెన్షియల్ (ఇంజను శక్తిని రెండు చక్రాలకూ పంచుతూ, అవి వేర్వేరు వేగాలతో తిరగడానికి వీలిచ్చే పళ్ళచక్రాల అమరిక) ఉన్న బండిలో ఒక చక్రం కదలకుండా ఆగిపోతే రెండో చక్రం మీటరు చూపే వేగానికి రెట్టింపు వేగంతో తిరుగుతుంది. మీటరు రెండు చక్రాల సగటును చూపిస్తుంది. ముల్లు 80 దగ్గర ఉంటే బురదలోని చక్రం 160తో తిరుగుతోందన్నమాట, ముల్లు 100 దాటితే అది 200. మన చిన్న కార్లకు వచ్చే టైర్ల పక్కన ఎస్ అనే అక్షరం ఉంటే దాని హద్దు 180 కిలోమీటర్లు, టి అని ఉంటే 190. పైగా తిరిగే టైరును బయటికి చీల్చే బలం వేగంతో పాటు కాక, వేగపు వర్గంతో పెరుగుతుంది. వేగం రెట్టింపైతే ఆ బలం నాలుగింతలు. అందుకే దిగబడ్డ కారులో చక్రాలను మీటరు మీద 55 కిలోమీటర్లకు మించి తిప్పవద్దని, ఆ సమయంలో చక్రాల దగ్గర ఎవరినీ నిలబడనివ్వవద్దని టైర్ల తయారీదారులు హెచ్చరిస్తారు. ఆ టైరు మంటకు ముందే బాంబులా పేలిపోతుంది, ఆ పక్కన నిలబడి ఉండేది బండి నెట్టడానికి వచ్చిన మనవాళ్ళే. ఈ సంగతి తలచుకుంటే ఇప్పటికీ నా గుండె జారుతుంది, ఎందుకంటే ఆ రోజు ఆ చక్రానికి రెండడుగుల దూరంలో ఉన్నది నేనే.

బురద లేని ఎండాకాలంలో ప్రమాదం ఇంకో దారిలో వస్తుంది. కోసిన పొలంలో ఎండుగడ్డి మీద బండి ఇరుక్కుంటే, ఇంజనును అదేపనిగా రేజ్ చేస్తున్నప్పుడు సైలెన్సరుకు ముందుండే, ఇంజను పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టరు గడ్డిని అంటించగలిగినంతగా కాగుతుంది. రోడ్డు మీద నూర్పిడికి పరిచిన పంట కట్టె కారు అడుగున చుట్టుకున్నా ఇదే ముప్పు. లారీలవాళ్ళకైతే ఈ భయం కొత్తది కాదు. జంట చక్రాల్లో లోపలి టైరుకు గాలి తగ్గితే అది నలిగి నలిగి వేడెక్కుతుంది, బ్రేకు పట్టేసినా అంతే, అదీ పొగతోనే మొదలై మంటగా మారుతుంది. దాబా దగ్గర బండి ఆపగానే డ్రైవరు ఇనుప రాడ్డుతో ఒక్కొక్క టైరునూ కొట్టి చప్పుడు వినేది అందుకోసమే. గాలి ఉన్న టైరు ఖంగుమంటుంది, లేనిది మొద్దుగా పలుకుతుంది.

ఆ రోజు మా కారును చివరికి బయటికి తెచ్చింది ఇంజను బలం కాదు. పాలేరు పారతో చక్రం ముందున్న మట్టిని ఏటవాలుగా చెక్కి, రెండు గోనెసంచులు మడతపెట్టి టైరు కిందికి దూర్చాడు. అందరం దూరంగా జరిగాక బాబాయి రెండో గేరులో, క్లచ్చి మెల్లగా వదులుతూ ఒక్కసారి కదిలించేసరికి, బండి ఏ చప్పుడూ లేకుండా గట్టు మీదికి ఎక్కింది. బురదలో నలిగిన ఆ సంచులను ఆయన కాలవలో జాడించి ఆరబెట్టి డిక్కీలో పెట్టుకున్నాడు. మొన్న ఫోను చేసినప్పుడు అడిగాను, ఇంకా అక్కడే ఉన్నాయట, వాటి పక్కన ఒక మోకు కూడా చేరిందట.