పిల్లలు ఎంతమంది అని అడక్కండి

ఏ క్రైస్తవ సంఘానికి వెళ్ళినా మమ్మల్ని మొదట అడిగేది ఇదే. "మీ హోంలో పిల్లలెంతమందమ్మా?" పెద్ద అంకె చెబితే "దేవునికి స్తోత్రం" అంటారు, చిన్న అంకె చెబితే పాపం వీళ్ళ పరిచర్య ఇంకా నిలదొక్కుకోలేదు అన్నట్టు చూస్తారు. నాకు మాత్రం ఒక మంచం ఖాళీ అయిందంటేనే సంతోషం, ఆ పిల్ల ఏ అమ్మమ్మ దగ్గరకో మేనత్త దగ్గరకో క్షేమంగా చేరి ఉంటే.

మాది గుంటూరు వైపు ఆడపిల్లల హోం. లోపల ఉండేదంతా ఆడవాళ్ళమే, అది నిబంధన కూడా. మా ఆయన బజారు పనులు, లెక్కలు, ఆఫీసుల చుట్టూ తిరగడం చూసుకుంటాడు. అందరూ 'అనాథలు' అంటారు గానీ అమ్మా నాన్నా ఇద్దరూ లేని పిల్లలు మా దగ్గర తక్కువే. తాగొచ్చి కొట్టే తండ్రి, మళ్ళీ పెళ్ళి చేసుకుని ఈ పిల్లని వద్దన్న తల్లి, గల్ఫ్ వెళ్ళి ఫోన్ ఎత్తడం మానేసిన తల్లి. ఇంట్లో మగాడే పాడు చేసిన పిల్లలూ ఉన్నారు, వాళ్ళ గురించి ఇంతకంటే రాయను.

తల్లిదండ్రులు విడిచినా దేవుడు చేరదీస్తాడనే వాక్యం ఇలాంటి హోముల్లో గోడ మీద తప్పకుండా ఉంటుంది. మా హాల్లోనూ ఉండేది, నేనే తీయించేశాను. నాకు చాలా ఇష్టమైన వాక్యమే, కానీ వచ్చే ఆదివారం నాన్న వస్తాడని గేటు వైపు చూసే పిల్లకి రోజూ అన్నం తినే చోట అది కనిపిస్తుంటే ఎలా ఉంటుందో ఆలోచించండి.

పాస్టర్లు ఫోన్ చేసి "అమ్మా, ఒక పిల్ల ఉంది, తీసుకొచ్చేస్తాం" అంటారు. వద్దండీ, ముందు పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పండి అంటే నొచ్చుకుంటారు. మాకు నచ్చిన పిల్లని మేం ఉంచుకోవడానికి లేదు. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం ప్రయాణానికి పట్టే టైమ్ పోను 24 గంటల్లోపు పిల్లని బాలల సంక్షేమ సమితి ముందు పెట్టాలి, ఎక్కడ ఉంచాలో వాళ్ళే ఆర్డర్ ఇస్తారు. రిజిస్ట్రేషన్ లేకుండా హోం నడపడం నేరం. ఈ కాగితాల పనికి విసుక్కునే దైవసేవకుల్ని చాలామందిని చూశాను, నేను మాత్రం విసుక్కోను, ఎందుకంటే కాగితం లేకుండా ఒక ఇంట్లోకి వెళ్ళిన పిల్ల అక్కడినుంచి ఎక్కడికి పోయినా అడిగేవాడుండడు.

పిల్లల మీద లైంగిక దాడులకి పెట్టే పోక్సో కేసుల్లో పోలీసులు యూనిఫాంలో రాకుండా, వీలైతే మహిళా ఎస్సైతో, పిల్ల ఉన్నచోటే స్టేట్‌మెంట్ తీసుకోవాలి, సాధ్యమైనంతవరకు ఏడాదిలో విచారణ పూర్తవ్వాలి. చట్టం చాలా బాగా రాశారు. వాయిదా మీద వాయిదా పడుతుంటే మాత్రం ఆ ముందు రోజు రాత్రి పక్క తడుపుకునేది పిల్లే, పొద్దున్నే ఎవరికీ తెలియకుండా దుప్పటి ఉతికేది హోంలో పిల్లల్ని చూసుకునే మా ఆంటీలే.

మతం మారుస్తారా అని కొందరు, ఇంకా బాప్తిస్మం ఇప్పించలేదా అని మనవాళ్ళే కొందరు అడుగుతారు. ఇద్దరికీ ఒకటే జవాబు, పిల్లల్ని వదిలేయండి. సాయంత్రం ప్రార్థనకి ఇష్టమైనవాళ్ళు కూర్చుంటారు, లేనివాళ్ళు హోంవర్క్ చేసుకుంటారు. దిండు కింద ఆంజనేయస్వామి లాకెట్ పెట్టుకునే పిల్ల ఉంది, వాళ్ళమ్మ ఇచ్చిందట, పెట్టుకోనీ.

ఇక డబ్బు సంగతి. క్రిస్మస్ వస్తే బిర్యానీలు, కేకులు, కొత్త బట్టలు ఎక్కువైపోతాయి. కాదనను, పిల్లలకి సరదానే. కానీ ఒక పిల్లని అమ్మమ్మ దగ్గరకి పంపాక ఆమె ఇంట్లో బియ్యానికి, ఆ పిల్ల ఆటో ఛార్జీలకి, నెలకోసారి మేం వెళ్ళి చూసి రావడానికి సాయం చెయ్యండి అని అడిగితే, "ఆ పిల్ల ఇప్పుడు మీ హోంలో లేదు కదమ్మా" అంటారు! లేకపోవడమే కదండీ మనకి కావాల్సింది. పిల్లల కోసం ప్రభుత్వం నడిపే మిషన్ వాత్సల్య పథకం కింద అర్హత ఉంటే ఇంటి దగ్గరే ఉండే పిల్లకి నెలకు 4000 స్పాన్సర్‌షిప్ వస్తుంది. అది మంజూరై ఖాతాలో పడేదాకా ఆ ముసలావిడ ఏం చెయ్యాలి? అప్పు చేస్తుంది, లేదంటే పిల్లని మళ్ళీ మా దగ్గర వదిలేసి వెళ్తుంది. కేవలం ఇంట్లో జరగక తిరిగొచ్చిన పిల్లని గేటు దగ్గర చూసినప్పుడు నాకు వచ్చే కోపం ఇంతా అంతా కాదు, ఆ అమ్మమ్మ మీద మాత్రం కాదు.

ఫోటోల సంగతి కూడా చెప్పేస్తాను. పిల్లల్ని వరసగా నిలబెట్టి కేకు ముందు ఫోటో తీసి స్టేటస్ పెట్టుకుంటామంటే కుదరదు. పిల్లల వివరాలు బయటపెడితే ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా ఉన్నాయి. అది తెలిసి కూడా "ఒక్కటి తీసుకుంటాం సిస్టర్, ఎవరికీ పంపం" అనేవాళ్ళున్నారు.

రావాలనుకుంటే ముందు ఫోన్ చేసి, బడి వదిలాక సాయంత్రం రండి, ఆధార్ కార్డు తెచ్చుకోండి, రిజిస్టర్‌లో రాసుకుంటాం. లెక్కలు చెప్పడం వచ్చినవాళ్ళు ముందు రండి. పదో తరగతి పిల్లలు తెలుగు, సోషల్ ఎలాగో లాక్కొస్తున్నారు గానీ త్రికోణమితి దగ్గర అందరికీ టెన్షనే, మా ఆయన చెబుతానని కూర్చుని ఇంకా కంగారు పెడుతున్నాడు.