"ఇవాళ మనది ఏ బడి అమ్మా?"

మా అమ్మాయికి ఇప్పుడు పదకొండేళ్లు, అబ్బాయికి ఎనిమిది. ఇద్దరూ విశాఖపట్నంలో మా ఇంట్లోనే చదువుకుంటున్నారు. ఆరేళ్ల కిందట అమ్మాయిని బడి మాన్పించినప్పుడు చదువు గురించి ఎవరేమి రాసినా ఆబగా చదివేదాన్ని. ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి మాటలు చదివిన రోజున అదే సత్యమనిపించేది. వారం తిరిగేసరికి ఆస్ట్రియా తత్వవేత్త రుడాల్ఫ్ స్టైనర్ రాసినది అంతకంటే లోతుగా తోచేది. ఎవరినీ వదులుకోలేక అందరినీ ఒకే రోజులో ఇరికించి టైమ్‌టేబుల్ వేశాను. పొద్దున్నే స్టైనర్ బడుల తరహాలో పాటలు, అభినయం. ఆ వెంటనే చాప పరిచి మాంటిస్సోరి సామగ్రి. పదకొండింటికి ఇంగ్లండు విద్యావేత్త షార్లెట్ మేసన్ చెప్పినట్టు కథ చదవడం, దాన్ని తిరిగి చెప్పించడం. మధ్యాహ్నం పని ద్వారానే చదువు రావాలన్న గాంధీజీ నయీ తాలీమ్ ప్రకారం చేతిపని. రెండో ఏడాదిలో ఒక ఉదయం పాప పళ్లు తోముకుంటూ నా వైపు తిరిగి, "ఇవాళ మనది ఏ బడి అమ్మా?" అని అడిగింది. పిల్ల అలసిపోయిందని నాకు అప్పుడు అర్థమైంది.

ఆ రోజు నుంచి ప్రశ్న మార్చుకున్నాను. ఏ పద్ధతి గొప్పదని కాకుండా, ఈ మనిషి ఎవరి పిల్లలను చూసి, ఏ కష్టం తీర్చడానికి ఈ మాట చెప్పారు అని వెతకడం మొదలుపెట్టాను. మాంటిస్సోరి 1907లో రోమ్‌లోని శాన్ లొరెంజో పేటలో కూలి కుటుంబాల చిన్నపిల్లలతో పని ఆరంభించింది. స్టైనర్ బడి 1919లో స్టుట్‌గార్ట్‌లో ఒక సిగరెట్ కర్మాగారపు కార్మికుల పిల్లల కోసం వెలిసింది. షార్లెట్ మేసన్ ఇంగ్లండులో ఇంటిదగ్గర పిల్లలకు చదువు చెప్పుకునే తల్లులను దృష్టిలో పెట్టుకుని రాసింది. గాంధీజీ 1937లో వార్ధాలో మాట్లాడింది పల్లెటూరి బీద పిల్లవాడి గురించి, వాడి చదువు వాడి చేతుల్లోంచే రావాలన్న పట్టుదలతో. ఇలా చూసేసరికి, ఎవరి దగ్గర ఏది అడగాలో కొంత తెలిసింది.

తెలుగు అక్షరాల దగ్గర మాంటిస్సోరిని మించిన తోడు నాకు దొరకలేదు. అక్షరం ముందు చేతికి అలవాటు కావాలన్నది ఆవిడ ఆలోచన. అందుకే గరుకు కాగితంతో కత్తిరించిన అక్షరం మీద బిడ్డ రెండు వేళ్లతో దిద్దుతూ దాని శబ్దం పలుకుతుంది. ఇది మనకు కొత్త కాదు. వీధిబడుల్లో ఇసుక పోసి వేలితో దిద్దించేవారు. ఇప్పటికీ అక్షరాభ్యాసం నాడు పళ్లెంలో బియ్యం పోసి బిడ్డ వేలు పట్టుకుని రాయిస్తాం. అయితే ఆ తరవాతి మెట్టు, అంటే విడి అక్షరాలను పేర్చి మాటలు కట్టే పెట్టె, రోమన్ లిపికి నప్పినట్టు తెలుగుకు నప్పదు. అక్కడ హల్లు పక్కన అచ్చు పెడితే చాలు. మనకు 'క' పక్కన 'ఇ' పెట్టినంత మాత్రాన 'కి' కాదు, తలకట్టు తీసి ఆ చోట గుడి పెట్టాలి. అందుకని పెళ్లి శుభలేఖల దళసరి అట్టలు పోగుచేసి, హల్లులను తలకట్టు లేకుండా ఎర్ర రంగులోను, తలకట్టు, దీర్ఘం, గుడి, కొమ్ము, ఏత్వం, ఓత్వం వంటి గుర్తులను నీలి రంగులోను విడివిడిగా కత్తిరించాను. పాప ఆ ముక్కలతో వారం రోజులు ఆడాక జ, ట, బ, ల అక్షరాలను ఒక పక్కకు నెట్టి, వీటికి తలకట్టు ఎక్కడ పోయిందని నిలదీసింది. నేను చెప్పకుండానే పిల్ల తన లిపి కట్టుబాటును తానే పట్టుకున్న ఆ మధ్యాహ్నం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. ఒత్తుల్లో చాలావరకు తలకట్టు తీసేసిన అక్షరమే కిందికి దిగుతుంది గానీ త, న, మ, య, ర, ల పూర్తిగా రూపు మార్చుకుంటాయి. ఆ ఆరింటికీ వేరే డబ్బీ పెట్టాను.

అబ్బాయి దగ్గరికి వచ్చేసరికి ఇదే పెట్టె మూలన పడి ఉంది. అయిదేళ్లు నిండినా వాడు దాని మూత కూడా తియ్యలేదు. మట్టి పిసకడం, తాడు ఎక్కడం, వంటింట్లో గిన్నెలు సర్దడం, ఇవే వాడి లోకం. ఇక్కడే రెండు దారులు నిజంగా ఎదురుపడ్డాయి. నాలుగేళ్ల బిడ్డ అక్షరాల కోసం తహతహలాడుతుందని మాంటిస్సోరి అంటే, ఏడో ఏడు వచ్చేవరకు చదవడం, రాయడం తొందరపెట్టవద్దని స్టైనర్ అంటాడు. రెండింటికీ మధ్యస్థంగా రోజుకు కాసేపు దిద్దిద్దామన్న ప్రయత్నం పదిరోజులు చేసి మానేశాను, ఎందుకంటే దానివల్ల వాడికి ఆటా దక్కలేదు, అక్షరమూ దక్కలేదు. సగం సగం కలిపితే రెండు పద్ధతుల బలమూ పోతుందని, ఇలాంటి చోట ఒకటి ఎంచుకుని రెండోదాన్ని మనస్ఫూర్తిగా వదిలెయ్యాలని అప్పుడు నిర్ణయించుకున్నాను. వాడి విషయంలో స్టైనర్ మాట విన్నాను. మా అత్తయ్యగారికి బెంగ పట్టుకుంది. "ఏమ్మా, ఆరేళ్లు నిండాయి, వీడికింకా అ ఆలు దిద్దించవా? వీడి వయసుకి అక్క కథలు చదివేసేది కదా" అనేవారు. ఆవిడ మాటలో ప్రేమ తప్ప మరేమీ లేదు, కానీ ఆ పోలిక విన్న ప్రతిసారీ వాడి ముఖం చిన్నబోయేది. మన మదనపల్లెలోనే పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి పోలిక గురించి, అది బిడ్డలో నాటే భయం గురించి జీవితమంతా ఎందుకు అంతగా చెప్పారో నాకు ఆ ముఖం చూశాకే బోధపడింది. ఆయన దగ్గర నేను పాఠం చెప్పే పద్ధతి ఏదీ తీసుకోలేదు. ఇంట్లో ఇద్దరి పనినీ పక్కపక్కన పెట్టి చూడకూడదన్న ఒక్క నియమం తీసుకున్నాను, అత్తయ్యగారిని కూడా కూర్చోబెట్టుకుని ఆ సంగతి చెప్పాను. వాడు ఆరున్నరేళ్లకు తనంతట తానే ఆ పెట్టె తెరిచాడు, నాలుగు నెలల్లో దుకాణాల బోర్డులన్నీ చదవసాగాడు.

కథల విషయంలో మాత్రం మాంటిస్సోరితో నాకు పొత్తు కుదరలేదు. ఆరేళ్లలోపు పిల్లలకు ఊహాలోకం కన్నా నిజమైన వస్తువులు, నిజమైన సంగతులు ముఖ్యమని ఆవిడ అంటుంది. నానమ్మ ఒడిలో పడుకుని రాజకుమారుల కథలు, మాట్లాడే చేపల కథలు వినని బాల్యం నా పిల్లలకు వద్దు.

షార్లెట్ మేసన్ దగ్గర తీసుకున్నవి రెండు. ఒకటి, ఒక్కసారి చదివిన భాగాన్ని బిడ్డ తన మాటల్లో తిరిగి చెప్పడం. ఆరేళ్లు నిండేవరకు అలా అడగవద్దని ఆవిడే అంది కనుక అప్పటిదాకా ఆగాను. అయినా మొదట్లో పాప నోరు మెదిపేది కాదు. ఇద్దరం కలిసి చదివిన కథను నాకే మళ్లీ ఎందుకు చెప్పాలన్నది దాని సందేహమని కొన్నాళ్లకు గ్రహించి, భోజనాల వేళ తాతయ్యకు చెప్పమన్నాను. ఆయన నిజంగా ఆ కథ వినలేదు, కాబట్టి "తరవాతేమైందమ్మలూ?" అన్న ఆయన ప్రశ్నలో నిజమైన ఆసక్తి ఉంది. అప్పటి నుంచి దానికి మాటలు వెతుక్కోవలసిన పని లేకపోయింది. రెండోది ప్రకృతి పుస్తకం. మా వీధి చివర ఖాళీ స్థలంలో జిల్లేడు మొక్కలున్నాయి. ఆకు అడుగున నలుపు, తెలుపు, పసుపు పట్టీలతో, ఒంటి మీద మూడు జతల కొమ్ములతో ఉన్న గొంగళిపురుగును అబ్బాయే కనిపెట్టాడు. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం కనుక ఆకులు నేనే తుంచి సీసాలో వేసేదాన్ని. అది ఆకుపచ్చని గూడు కట్టుకుని వేలాడడం, చివరి రోజున ఆ గూడులోంచి నారింజ రంగు రెక్కలు కనిపించడం, అన్నీ పాప తేదీలతో సహా బొమ్మలు వేసి రాసింది. అప్పటికి రాయడం రాని తమ్ముడు చెప్పిన మాటలు కూడా వాడి పేరు కింద తానే రాసిపెట్టింది.

లెక్కల్లో నాకు దారి చూపింది గాంధీజీ, మా మామయ్యగారు. ఒకట్లు, పదులు, వందలు తెలియడానికి మాంటిస్సోరి పూసలు చాలా మంచివే, కానీ ఖరీదు ఎక్కువ. మేము చింతపిక్కలు పదేసి చిన్న సంచుల్లో కట్టి, పది సంచులు ఒక డబ్బాలో పెట్టుకున్నాం. ఆ పైన లెక్కంతా రైతు బజారులోనే జరిగింది. సంచీ, డబ్బు, చీటీ పాప చేతిలో ఉంటాయి. కిలో ఇరవై ఎనిమిది రూపాయల వంకాయలు ముప్పావు కిలో తీసుకుంటే ఇరవై ఒకటి ఇచ్చి రావాలి. ఇంటి చదువు చెప్పుకునే మిత్రులు కొందరు ఎక్కాలు బట్టీపట్టించడం తప్పంటారు. నేను ఒప్పుకోను. మామయ్యగారు తాను వీధిబడిలో నేర్చుకున్న పావు, అర, ముప్పావు ఎక్కాలు పిల్లలకు రాగయుక్తంగా నేర్పారు. "ఏడు ముప్పావులు అయిదుంబావు" అని పాప కూరల కొట్టు ముందు నిలబడి పైకి అన్నప్పుడు, ఆ పాట దానికి అర్థమయ్యే నోటికి వచ్చిందని తెలిసింది. అర్థం చేతిపని ఇస్తుంది, వేగం ఎక్కం ఇస్తుంది. ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదనుకోవడం పొరపాటు.

పరీక్షల సంగతి చాలామంది భయంతో అడుగుతారు. 2009 విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల గురించి మాట్లాడుతుంది గానీ, ఇంటి చదువును గురించి విడిగా ఏమీ చెప్పదు. జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ద్వారా పద్నాలుగేళ్లు నిండిన వారు పదో తరగతి రాయవచ్చు, తెలుగు మాధ్యమంలోనూ రాయవచ్చు. అంటే మా అమ్మాయికి ఇంకా మూడేళ్లుంది. ఆ పరీక్షకు వేగం కావాలి, అచ్చు పుస్తకం కావాలి, గడియారం చూసుకుని రాయడం కావాలి. వీటిలో ఏదీ ఇప్పటిదాకా నేను నమ్ముకున్న వారెవరూ నేర్పరు. కాబట్టి వచ్చే ఏడాది నుంచి వారానికి రెండు పూటలు మామూలు బడి పాఠ్యపుస్తకం, మామూలు ప్రశ్నలు, మామూలు గంట పెట్టుకుందామని పాపతోనే కూర్చుని మాట్లాడాను. అది కాసేపు ఆలోచించి, మిగిలిన పూటలు తన ప్రకృతి పుస్తకానికి వదిలేస్తే తనకు సమ్మతమేనంది. ఆ రెండు పూటలు మంగళవారం, శుక్రవారం అని క్యాలెండరులో తానే గుర్తు పెట్టుకుంది.