ఐదో స్టార్టర్ ఎందుకో తెలిసేసరికి

2023లో టెక్సస్ రేంజర్స్ బేస్‌బాల్ జట్టు మొట్టమొదటిసారి వరల్డ్ సిరీస్ గెలిచినప్పుడు మేం ఫ్రిస్కోలోనే ఉన్నాం. అంతకు ముందు నుంచే మా అబ్బాయిని తీసుకుని ఇక్కడి రఫ్‌రైడర్స్ ఆటలకు వెళ్లేవాణ్ణి. అది రేంజర్స్‌కి కింది స్థాయి జట్టు, డబుల్-ఏ. గుంటూరులో క్రికెట్ చూస్తూ పెరిగిన నాకు బేస్‌బాల్ వంటబట్టడానికి రెండు సీజన్లు పట్టింది. వంటబట్టాక ఇక వదల్లేదు.

ఆ చలికాలంలో ఆఫీసులో నాకు సీనియర్, విజయవాడ ఆయన, "తమ్ముడూ, మా లీగ్‌లో ఒక టీమ్ ఖాళీ అయింది, తీసుకుంటావా?" అని అడిగారు. అవుట్ ఆఫ్ ద పార్క్ బేస్‌బాల్ అని ఒక కంప్యూటర్ ఆట ఉంది, 1999లో మొదటిసారి వచ్చింది. దాంతో నడిచే ఆన్‌లైన్ లీగ్ అది. 24 జట్లు, జట్టుకి ఒక మనిషి. ఆటగాళ్లందరూ కల్పితమే. సోమ, బుధ, శుక్రవారాల్లో రాత్రి 9 లోపు మన మార్పులన్నీ చేసి ఫైలు పంపాలి. లీగ్ నడిపే కమిషనర్ వాటన్నిటినీ కలిపి వారం రోజుల ఆటలు ఒకేసారి నడిపిస్తారు. దాన్నే సిమ్ అంటాం.

ఆటలు నడిచేటప్పుడు మనం పక్కన ఉండం. "ఇప్పుడు వీణ్ణి దించు, వాణ్ణి తియ్యి" అనే వీలు లేదు. ఊరెళ్లేవాళ్లు ఇంట్లో వాళ్లకి చీటీ రాసిపెట్టి వెళ్తారే, లైనప్ (ఎవరు ఆడాలి, ఏ వరసలో అనే జాబితా) పెట్టడం అచ్చం అలాంటిది. చీటీలో ఏది రాయడం మర్చిపోతే అది జరగదు. ఈ సంగతి నాకు ఒక సీజన్ పోగొట్టుకున్నాక గానీ తలకెక్కలేదు.

మొదట బ్యాటింగ్ వరస. క్రికెట్ అలవాటుతో బాగా పరిగెత్తేవాణ్ణి ముందు పెట్టాను, సిక్సర్లు కొట్టేవాణ్ణి నాలుగులో పెట్టాను. నా మొదటి బ్యాటర్ మెరుపులా పరిగెత్తుతాడు, కానీ ఆన్-బేస్ పర్సంటేజీ .290. అంటే పదిసార్లు బ్యాట్ పట్టుకుంటే ఏడుసార్లు ఔటై వస్తాడు. బేస్ మీదికే చేరనివాడికి వేగం ఎంతుండి ఏం లాభం? దీనికి చిన్న లెక్క ఒకటి ఉంది. ఒక ఆటలో చివరి ఔట్ వరసలో ఎక్కడైనా పడొచ్చు. కాబట్టి వరసలో ఒక్క మెట్టు కిందికి దిగితే 162 ఆటల సీజన్‌లో దాదాపు 18 అవకాశాలు తగ్గుతాయి. మొదటి స్థానానికీ తొమ్మిదో స్థానానికీ తేడా 140 పైమాటే. ఆ 140 అవకాశాలు నేను జట్టులో బలహీనుడికి కట్టబెట్టాను. తర్వాత మెల్లగా నడిచే మా ఫస్ట్ బేస్‌మన్‌ను పైకి తెచ్చాను. చెడ్డ బంతులు వదిలేసి ఊరికే మొదటి బేస్‌కి చేరే వాక్‌లు ఓపికగా తీసుకుంటాడు. చూడ్డానికి విచిత్రంగా ఉంటుంది గానీ పరుగులు పెరిగాయి.

ఇంకో సంగతి. లైనప్ పేజీ ఒక్కటే ఉండదు. కుడిచేతి పిచర్ (బంతి వేసేవాడు) ఎదురైతే ఒకటి, ఎడమచేతి పిచర్ ఎదురైతే ఇంకొకటి. ఎడమచేతి బ్యాటర్‌కి ఎడమచేతి పిచర్ బంతి వెనకనుంచి వచ్చి దూరంగా జారిపోతుంది, అందుకని ఆ జోడీ సాధారణంగా పిచర్‌కే లాభం. నేను ట్రేడ్‌లో ఒక మంచి కుడిచేతి బ్యాటర్‌ను తెచ్చుకుని మొదటి పేజీలో పెట్టి, రెండో పేజీ తెరవడం మర్చిపోయాను. ఎవరి మీద బాగా ఆడతాడని తెచ్చానో సరిగ్గా ఆ ఎడమచేతి పిచర్లు వచ్చిన మూడు ఆటల్లోనూ అతను బెంచ్ మీద కూర్చున్నాడు. మూడూ ఓడిపోయాం. ఇప్పటికీ ఫైలు పంపే ముందు రెండు పేజీలూ తెరిచి పేర్లు పైకి చదువుతాను.

అసలు దెబ్బ పిచింగ్‌లో తగిలింది.

ఆట మొదలుపెట్టే స్టార్టింగ్ పిచర్, అదే స్టార్టర్, ఒకసారి వేస్తే నాలుగు రోజులు విశ్రాంతి, ఐదో రోజు మళ్లీ వంతు. అందుకే ఐదుగురు. నా నలుగురు బావుండేవాళ్లు, ఐదోవాడు మాత్రం బాగా తక్కువ. ఐదుగురైతే సీజన్‌కి ఒక్కొక్కరికి 32 ఆటలు. నలుగురైతే 40. మా ఏస్, అంటే అందరిలోకీ మేటి స్టార్టర్, చేత ఇంకో ఎనిమిది ఆటలు ఆడించొచ్చు కదా అనిపించింది. అప్పుడే పాత సంగతులు చదువుతున్నాను. 1971లో బాల్టిమోర్ ఓరియోల్స్‌లో జిమ్ పామర్, మైక్ కుయార్, డేవ్ మెక్‌నాలీ, పాట్ డాబ్సన్, నలుగురూ తలో 20కి తగ్గకుండా విజయాలు సాధించారు. వాళ్లకి సాధ్యమైంది మనకెందుకు కాదు అనుకుని రొటేషన్‌ను (స్టార్టర్ల వంతుల వరసను) నలుగురికి మార్చేశాను.

ఏప్రిల్‌లో గెలిచాం. మేలో కూడా. నన్ను లీగ్‌లోకి తెచ్చిన విజయవాడ అన్న ఫోన్ చేసి, "ఏం తమ్ముడూ, స్టార్టర్లను మూడు రోజుల విశ్రాంతితోనే దింపుతున్నావా? వాళ్ల అలసట గీత చూస్తున్నావా అసలు?" అన్నారు. చూస్తున్నాను. నిండకముందే మళ్లీ దింపుతున్నానని తెలుసు. గెలుపు కనిపిస్తుంటే ఆ గీత కనిపించలేదు.

జూన్ రెండో వారం సిమ్ తర్వాత ఫైలు తెరిస్తే మొదటి వార్తే మా ఏస్ గురించి. మోచేతి లిగమెంట్ తెగింది, టామీ జాన్ సర్జరీ, 13 నెలలు. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ మొదటిసారి చేసిన ఆపరేషన్ అది, దాన్ని చేయించుకున్న పిచర్ పేరే దానికి నిలిచిపోయింది. కల్పిత ఆటగాడే. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. గాయం ఎవరికైనా రావచ్చు, అది నా వల్లే వచ్చిందని ఏ లెక్కా చెప్పదు. కానీ అలసిన చేతిని నేను రెండు నెలలు దింపాను. ఆ ఏడాది మేం ఐదో స్థానంలో ముగించాం.

మర్నాడు అన్నతో మాట్లాడితే, ఆయన తిట్టలేదు. కాగితం మీద వారం గీసి చూపించారు. సోమవారం ఒకటో స్టార్టర్, మంగళవారం రెండో స్టార్టర్, బుధవారం ఆట లేదు, గురు, శుక్రవారాల్లో మూడూ నాలుగూ. శనివారానికి ఒకటో స్టార్టర్‌కి నాలుగు రోజుల విశ్రాంతి పూర్తవుతుంది. "ఐదోవాణ్ణి దాటించాలనుంటే ఇలాంటి వారంలో దాటించు. ఆట లేని రోజు నీకు ఊరికే వచ్చిన విశ్రాంతి. మిగతా వారాల్లో ఐదోవాడు వెయ్యాల్సిందే, ఓడినా సరే" అన్నారు. అప్పటినుంచి సిమ్ ముందు నేను మొదట తెరిచేది షెడ్యూల్. ఐదుగురి రొటేషనే పెడతాను, ఆట లేని రోజు ఉన్న వారంలో మాత్రం చేత్తో మారుస్తాను. బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టే క్యాచర్‌కి కూడా అంతే, ప్రతి ఐదో ఆటకీ రెండో క్యాచర్ దిగేలా ముందే రాసిపెట్టాను.

ఐదోవాడి స్థానంలో ఒక మంచి రిలీవర్‌ను (స్టార్టర్ దిగిపోయాక వచ్చి వేసేవాణ్ణి) ప్రయత్నించాను కూడా. కుదరలేదు. అతని దగ్గర రెండు రకాల బంతులే ఉన్నాయి, స్టామినా తక్కువ. బ్యాటింగ్ వరస రెండోసారి తిరిగేసరికే దొరికిపోయేవాడు. చివరికి ఆ పాత ఐదో స్టార్టర్‌కే వంతు ఇచ్చాను. గొప్పగా ఏం వెయ్యలేదు. ఐదు ఇన్నింగ్స్ వేసి, బుల్‌పెన్‌కి, అంటే రిలీవర్లందరికీ, కాస్త ఊపిరి ఇచ్చి వెళ్లేవాడు. అదెంత పెద్ద సాయమో నాకు ఆ సీజన్‌లోనే తెలిసింది.

వారానికి మూడు సిమ్‌లు కాబట్టి ఆటలో 13 నెలలంటే బయట మాకు నాలుగు నెలల పైచిలుకు. ఆటలో మరుసటి ఏడాది జూలైలో ఏస్ తిరిగొచ్చాడు. స్టఫ్, అంటే బంతిలో పదును, కొంచెం తగ్గింది, కంట్రోల్ అలాగే ఉంది. 75 బంతులు దాటకూడదని పరిమితి పెట్టి, రొటేషన్‌లో ఐదో స్థానంలో రాశాను. 8:40కే ఫైలు పంపేశాను. పడుకునే ముందు బాక్స్ స్కోర్ (ఆట లెక్కల పట్టిక) తెరిచి మా అబ్బాయిని పిలిచాను. ఐదు ఇన్నింగ్స్, 71 బంతులు, ఒక్క పరుగు. వాడు తెర మీదికి వంగి, "నాన్నా, మళ్లీ ఎప్పుడు వేస్తాడు?" అన్నాడు. షెడ్యూల్ తెరిచి ఇద్దరం రోజులు లెక్కపెట్టాం.