గుప్పిట్లో తాళాల గుత్తి

కళ్ళు తెరిచేసరికి నా గుప్పిట్లో తాళాల గుత్తి ఉంది. నాలుక తెగి నోరంతా రక్తం. ముందు పన్ను సగం విరిగింది. విజయవాడలో ఇంటర్ సెకండియర్ హాస్టల్ అది. పరీక్షల టెన్షన్‌తో మూడు రాత్రులు సరిగా నిద్రపోలేదు. ఫిట్స్ వచ్చి పడిపోతే ఎవరో చేతిలో తాళాలు పెట్టారు, ఇంకెవరో పళ్ళ మధ్య స్పూన్ దూర్చారు. ఇనుము పట్టుకున్నందువల్ల ఫిట్స్ ఆగవు, చాలాసార్లు వాటంతటవే ఆగిపోతాయి. పన్ను విరిగింది మాత్రం స్పూన్ వల్లే. ఆ పిల్లల మీద నాకు కోపం లేదు. వాళ్ళకి ఎవరు చెప్పారు గనక?

ఈఈజీ, ఎమ్మారై అనే మెదడు పరీక్షలు అయ్యాక డాక్టరుగారు మూర్ఛ అని చెప్పి లెవెటిరాసిటమ్ మాత్రలు రాశారు. "సరిగ్గా వాడితే పదిమందిలో ఏడుగురికి మళ్ళీ రాకుండా ఉంటుందమ్మా" అన్నారు. రెండేళ్ళు నాకూ రాలేదు. సత్యనారాయణపురంలో మా ఇంట్లో ఆ మాత్రలు కందిపప్పు డబ్బాలో ఉండేవి, చుట్టాల కంట పడకుండా. సంబంధాలు చూడ్డం మొదలయ్యాక, పెళ్ళిచూపుల్లో మత్తుగా కనిపిస్తానేమోనని నేనే మానేశాను. దాచిపెట్టిన మందు కదా, మానేసినట్టు ఇంట్లో ఎవరికీ తెలియలేదు. పదకొండో రోజు బందరు రోడ్డు మీద బస్టాపులో పడ్డాను. నుదుటి మీద ఆరు కుట్లు.

మళ్ళీ మాత్రలు మొదలుపెట్టాను. ఒక్క పూట తప్పలేదు. మూడేళ్ళు గడిచాక ప్రకాశం బ్యారేజీ మీద పొద్దున్నే నడక, ఆ తర్వాత సీతానగరం దాకా పరుగు. డాక్టరుగారు కొన్ని షరతులు పెట్టారు. కాలువ గట్టు మీద ఒంటరిగా పరిగెత్తకూడదు, నీళ్ళలో పడితే ప్రాణానికే ప్రమాదం. నిద్ర తగ్గకూడదు. ఎక్కువ దూరమైతే ఉత్త నీళ్ళే తాగుతూ ఉండకూడదు, ఒంట్లో సోడియం పడిపోతే ఫిట్స్ రావచ్చు. అందుకే చెల్లి పక్కనే సైకిల్ తొక్కుతూ వచ్చేది, బుట్టలో ఓఆర్ఎస్ సీసాతో.

హైదరాబాద్‌లో ఆగస్టు మారథాన్‌కి పేరిచ్చాను. 42.195 కిలోమీటర్లు. గుంటూరులో నెలకోసారి ఉచితంగా చూసే ఒక న్యూరాలజిస్టు ఉన్నారు. ఆయన దగ్గరికి వచ్చే పిల్లల మందుల కోసం చందాలు పోగు చేద్దామనుకున్నాను. నాన్న రెండ్రోజులు మాట్లాడలేదు. మూడో రోజు, "పరిగెత్తమ్మా, నేను వద్దనను. జబ్బు పేరు మాత్రం చెప్పకు. చెల్లికి సంబంధాలు చూస్తున్నాం" అన్నారు. హిందూ వివాహ చట్టంలో పెళ్ళికి అడ్డంకుల్లోంచే 1999లో మూర్ఛ అన్న మాట తీసేశారని చెప్పాను. "చట్టం పెళ్ళిచూపులకి రాదుగా" అన్నారు. ఆయన భయం నాకు అర్థమైంది, అయినా ఒప్పుకోలేకపోయాను.

నిజం చెప్పాలంటే పరుగు కంటే చందా అడగడమే కష్టం. ప్రతి గుమ్మంలోనూ "నాకు ఫిట్స్ ఉన్నాయి" అనాలి. మొదటి ఇంట్లో గొంతు వణికింది. ఇరవయ్యో ఇంటికి మామూలైపోయింది. డబ్బిచ్చిన ప్రతివాళ్ళకీ ఒక చీటీ ఇచ్చాను: ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి, గట్టిగా పట్టుకోకండి, టైమ్ చూడండి, ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి. పై వాటాలో ఉండే పిన్నిగారు ఆ చీటీ చదివి తలుపు దగ్గరికి వేసి, "మావాడికీ ఉందమ్మా" అన్నారు. ఆరేళ్ళుగా ఒకే మెట్లు ఎక్కి దిగుతున్నాం.

పోగైంది 86 వేలు. ఐదు గంటల నలభై నిమిషాల్లో పూర్తి చేశాను. ముప్పయ్యో కిలోమీటరు దాటాక పిక్కలు పట్టేసి, చివరంతా సగం నడకే.

ఇప్పుడు మాత్రల డబ్బా భోజనాల బల్ల మీద, ఆవకాయ జాడీ పక్కన ఉంటోంది. పోయిన నెల చెల్లిని చూడ్డానికి వచ్చారు. అమ్మ గబగబా దాన్ని తీయబోయింది.

"ఉండనీ" అన్నారు నాన్న.