ఫుల్ ట్యాంక్ కొట్టించిన రోజే ఆగిపోయే కారు

విజయనగరం నుంచి అరసవల్లి ఎంత దూరమని! నాతవలస దగ్గర హైవే ఎక్కితే గంటన్నరలో చేరిపోవాలి. మాకు ఒక పూట పట్టింది.

కారు నాన్నగారు కొన్నది, 1997 మోడల్ మారుతి 800, పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజిన్‌కి అందించే కార్బ్యురేటర్ ఉన్న బండి. ఊళ్లో తిరిగితే ఏ ఇబ్బందీ లేదు. దూరప్రయాణం పెట్టుకుంటేనే గంట నడిచాక ఆగిపోయేది. అరగంట వదిలేస్తే ఏమీ జరగనట్టు స్టార్ట్ అయ్యేది. మా ఊరి గ్యారేజీలో మొదట బ్యాటరీ మార్చారు, తర్వాత ప్లగ్గులు. ఆ తర్వాత ప్లగ్గులకి కరెంటు అందించే ఇగ్నిషన్ కాయిల్ వేడెక్కి పోతోందని అదీ మార్చారు. ప్రతిసారీ బిల్లు కట్టాం. అసలు సెల్ఫ్ కొడితే ఇంజిన్ జోరుగా తిరుగుతున్నప్పుడు బ్యాటరీ ఎందుకు మార్చాలి? బ్యాటరీ దిగితే టక్ టక్ మని ఊరుకుంటుంది కదా!

ఈసారి పైడిభీమవరం దగ్గరే ఇంజిన్ తడబడడం, అదే మిస్సింగ్, మొదలైంది. రణస్థలం దాటి, బుడుమూరు ఇవతల పూర్తిగా ఆగిపోయింది. పక్కనుంచి లారీ పోయినప్పుడల్లా బండి ఊగిపోతోంది. వెనక సీట్లో అమ్మ, మిట్టమధ్యాహ్నపు ఎండ. దర్శనం వేళ దాటిపోతుందేమోనని ఆవిడ టెన్షన్. టీకొట్టాయన ఫోన్ చేస్తే ఒక మెకానిక్ టీవీఎస్ ఎక్సెల్ మీద వెంటనే వచ్చాడు. అరవై దాటినట్టున్నాడు.

"కాసేపు ఆగితే అదే స్టార్ట్ అవుతుందండీ" అన్నాను.

"సల్లారిపోనాక సూస్తే ఏటి తెలుస్తాది బావూ? ఆగిపోయినప్పుడే సూడాల" అన్నాడు.

ఇన్నాళ్లూ ఈ మాట ఒక్కరూ అనలేదు. గ్యారేజీకి వెళ్లేసరికి బండి చక్కగా నడిచేది, వాళ్లు తోచిన సామాను మార్చేవారు.

ముందు ఒక ప్లగ్గు ఊడదీసి వైరుకే తగిలించి, దాని ఒంటిని ఇంజిన్‌కి ఆనించి పెట్టాడు. నన్ను సెల్ఫ్ కొట్టమన్నాడు. నీలం రంగు నిప్పురవ్వ బలంగా దూకింది. అంటే కరెంటు వైపు లోపం లేదు. తర్వాత ఎయిర్ ఫిల్టర్ మూత తీసి, కార్బ్యురేటర్ గొంతులోకి చూస్తూ యాక్సిలరేటర్ వైరు చేత్తో లాగాడు. పెట్రోలు సన్నటి ధారగా చిమ్మాలి. చుక్క రాలేదు. ఎండకి పైపులో పెట్రోలు ఆవిరై అడ్డుపడిందేమోనని పంపు మీద తడిగుడ్డ వేసి చూశాడు. అయినా మార్పు లేదు.

"ఫుల్ ట్యాంక్ కొట్టించినారా?"

పొద్దున్నే కొట్టించాం. ఆగిపోయిన ప్రతిసారీ అంతే, దూరం వెళ్తున్నామంటే ముందు బంకుకే కదా వెళ్తాం.

తాళంచెవి అడిగి వెనక్కి వెళ్లి ట్యాంకు మూత తిప్పాడు. బుస్సుమని గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు వెనక సీట్లో అమ్మక్కూడా వినిపించింది. మూత తెరిచే ఉంచి సెల్ఫ్ కొట్టమన్నాడు. కాసేపు తిరిగి, ఇంజిన్ అందుకుంది.

సీసా మూతికి పెదాలు బిగించి తాగితే కాసేపటికి నీళ్లు రావు చూడండి, ట్యాంకు సంగతీ అంతే. ఖర్చయిన పెట్రోలు చోటికి గాలి చేరాలి. దానికోసం కంపెనీ మూతలో చిన్న వాల్వు ఉంటుంది. మాకున్నది ఎప్పుడో ఎవరో పెట్టిన డూప్లికేట్ మూత, గాలి వెళ్లే దారే లేదు. ట్యాంకు నిండుగా ఉంటే లోపల గాలి ఉండేది కొంచెమే, అందుకని కాస్త పెట్రోలు తగ్గగానే పంపు లాగలేకపోతుంది. బండి నిలబెడితే సందుల్లోంచి నెమ్మదిగా గాలి దూరుతుంది, మళ్లీ స్టార్ట్ అవుతుంది. అదంతా వేడి వల్లేనని మేమందరం నమ్మాం.

ఆయన రెండొందలు చాలన్నాడు. ఎంత బతిమాలినా ఇంకో యాభై తీసుకోలేదు. మధ్యమధ్యలో ఆపి మూత తీస్తూ వెళ్లమన్నాడు. శ్రీకాకుళంలో సరైన మూత కొన్నాం, కాయిల్‌కి పెట్టిన దాంట్లో పావు వంతు కూడా కాలేదు. అరసవల్లి దర్శనం సాయంత్రం అయింది, శ్రీకూర్మం మర్నాటికి పడింది. శ్రీకూర్మంలో రెండు ధ్వజస్తంభాలకీ దణ్ణం పెట్టుకుని, అమ్మ తాబేళ్లని చాలాసేపు చూసింది. తిరుగు ప్రయాణంలో కావాలనే ఫుల్ ట్యాంక్ కొట్టించాను, విజయనగరం దాకా ఎక్కడా ఆగలేదు.

మర్నాడు గ్యారేజీకి వెళ్లి, తీసేసిన మా పాత కాయిల్ ఇమ్మని అడిగాను. బాగున్న కంపెనీ కాయిల్ అది. పాత ఇనుములో ఇచ్చేశామన్నారు.